‘దాని గురించి దిగులు లేదు’ అన్న ఆ ఒక్క వాక్యం

ఉత్తరం: మేడమ్, మా బాబుకి ఐదో ఏట బ్లడ్ క్యాన్సర్ బయటపడింది. హైదరాబాద్‌లో రెండున్నరేళ్ళు కీమో ఇప్పించాం. అంతా అయిపోయిందనుకున్న ఆరు నెలలకి తిరగబెట్టింది. అక్కది మ్యాచ్ అయితే బోన్‌మ్యారో మార్పిడి చేశారు. ఎనిమిది నెలలు బాగున్నాడు, మళ్ళీ వచ్చింది. వాడు పోయి పద్నాలుగు నెలలు. వాడి పేరు మీద ట్రస్టు పెట్టి మాలాంటి కుటుంబాలకు సాయం చేయాలని ఉంది. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద నా పేర రాసిన ఎకరం అమ్ముతానంటే మావారు ఒప్పుకోవట్లేదు. ఆస్పత్రి అప్పులే ఇంకా తీరలేదంటారు. వాడి పేరెత్తితే లేచి బయటికి వెళ్ళిపోతారు. మా అత్తగారేమో ‘అక్క రక్తం తమ్ముడికి అచ్చిరాలేదు, ఎవరేం చేస్తారు, మర్చిపో’ అంటారు. పాప ఇంటర్ ఫస్టియర్ బైపీసీ. తెనాలిలో మా అమ్మ దగ్గర ఉంటుంది. బాగా చదువుతుంది, దాని గురించి దిగులు లేదు. ఆయన సంతకం లేకుండా పొలం అమ్మొచ్చా? ఆయన్ని ఎలా ఒప్పించాలి?
ఒక తల్లి, పల్నాడు జిల్లా

జవాబు:

అమ్మా,

ముందు మీరు అడిగినవాటికి చెప్పేస్తాను. పొలం మీ పేర ఉంటే మీ సంతకం చాలు. పుట్టింటివాళ్ళు ఇచ్చింది మీ స్త్రీధనం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది పూర్తిగా మీదే, భర్త ఒప్పుకోవాలన్న నియమం లేదు. ఇక రెండోది, ఆయన్ని ఎలా ఒప్పించాలని. ఒప్పించకండి. అప్పుల్లో ఉన్న ఇల్లు భూమి అమ్మి దానం చేయడం నాకూ సమ్మతం కాదు. బాబు వైద్యానికి చేసిన అప్పు ఇంకా తీరుస్తున్నారంటే ఆయన ఇప్పటికీ కొడుకు కోసమే కష్టపడుతున్నారు. పేరెత్తగానే లేచి బయటికి వెళ్ళే తండ్రులను నేను చాలామందిని చూశాను. వాళ్ళకి మీ ముందు ఏడవడం చేతకాదు, అంతే. ఆయన సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన అచ్చువేసింది అందులో కొంతే. మూడుసార్లు చదివాను. బాబుకి గుత్తివంకాయ అంటే ఎంత ఇష్టమో రాశారు. రక్తకణాల కౌంట్స్ పడిపోయినప్పుడు బయటి తిండి వద్దంటే ఎలా అలిగేవాడో, వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు మీ కొంగు ఎలా పిడికిట్లో పట్టుకునేవాడో రాశారు. ఆ పేజీల దగ్గర నేను కాసేపు ఆగిపోవాల్సి వచ్చింది. మరి పాప గురించి? నాలుగు పేజీల్లో నాలుగే నాలుగు ముక్కలు. మ్యాచ్ అయింది. ఇంటర్ చదువుతోంది, డాక్టర్ అవుతానంటోంది. అమ్మమ్మ దగ్గర ఉంది. దిగులు లేదు.

ఆ చివరి మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

లెక్క వేసి చూడండి. బాబుకి జబ్బని తెలిసినప్పుడు పాపకి పదకొండేళ్ళు. బట్టలు సర్ది అమ్మమ్మ ఇంట్లో దింపి మీరు హైదరాబాద్ బస్సెక్కారు. అందులో తప్పేమీ లేదు, ఏ తల్లయినా అదే చేస్తుంది. నాలుగు వారాల్లో వస్తామని చెప్పి ఉంటారు. ఐదేళ్ళయింది. పిల్ల పెద్దమనిషి అయింది అక్కడే, టెన్త్ పాసయింది అక్కడే. బాబు పోయాక ఈ పద్నాలుగు నెలలుగా మీకు ఆస్పత్రి లేదు, అర్ధరాత్రి ప్రయాణాలు లేవు. పాప ఇంకా తెనాలిలోనే ఎందుకుంది? నరసరావుపేటలో కాలేజీలు లేవా? చదువు పాడవుతుందని మాత్రం చెప్పకండి. ఆ పిల్లని ఇంటికి పిలవాలని మీకు తోచలేదు. కోపం తెచ్చుకోకుండా ఈ మాట వినండి.

ఇప్పుడు అసలు విషయం. పద్నాలుగేళ్ళ పిల్ల తమ్ముడి కోసం తన బోన్‌మ్యారోలోని మూలకణాలు ఇచ్చింది. తోడబుట్టినవాళ్ళలో పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగో వంతే. అయిందని తెలిసిన రోజు ఇంటిల్లిపాదీ ఆ పిల్లని ఎత్తుకుని ఉంటారు. బంగారుతల్లి, తమ్ముణ్ణి నువ్వే బతికించావని అందరూ అని ఉంటారు. ఎనిమిది నెలల తర్వాత జబ్బు మళ్ళీ వచ్చింది. ఆ రోజు ఆ పిల్లతో ఎవరు మాట్లాడారు? బతికించింది నువ్వే అన్నారు కాబట్టి, పోయిందీ తనవల్లే అని అనుకోదూ? దానికి తోడు మీ అత్తగారు ‘అక్క రక్తం అచ్చిరాలేదు’ అంటున్నారు. మీరు ఆ మాటని ఆవిడ మీద ఫిర్యాదుగానైనా రాయలేదు. మర్చిపొమ్మంటున్నారన్నదే మీ బాధ. పాప పండక్కి ఇంటికొచ్చినప్పుడు ఆ మాట విందో లేదో మీకు తెలుసా? నేనైతే వినే ఉంటుందనుకుంటున్నాను.

ఆ మాట తప్పు. వైద్యపరంగా కూడా తప్పే. మార్పిడి తర్వాత జబ్బు తిరగబెట్టేది అన్ని మందులనీ తట్టుకుని రోగి ఒంట్లో మిగిలిపోయిన పాత క్యాన్సర్ కణాల వల్ల. అక్క ఇచ్చినవాటిలో లోపం ఏమీ లేదు. అవి వాడి ఒంట్లో నాటుకుని రక్తం తయారుచేశాయి కాబట్టే ఆ ఎనిమిది నెలలు వచ్చాయి. ఆ పిల్ల మీకిచ్చిన రోజులవి. మీ ఉత్తరంలో వాడు సైకిల్ తొక్కడం నేర్చుకున్నానని చెప్పిన నెల కూడా అందులోదే. ఈ సంగతి పాపకి మీ నోటితో చెప్పండి. వీలైతే వైద్యం చేసిన డాక్టర్‌గారి దగ్గరికి ఒకసారి తీసుకెళ్ళి ఆయన చేతా చెప్పించండి. అత్తగారికి కూడా చెప్పండి, పాప ఎదురుగానే చెప్పండి. పెద్దావిడ, ఆవిడ బాధ ఆవిడది, నిజమే. కానీ పెద్దరికం అంటే పిల్ల గుండెలో ముల్లు దించే హక్కు కాదు.

నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు పదేళ్ళప్పుడు మా తమ్ముడు మెదడువాపు జ్వరంతో పోయాడు. అమ్మ వాడి పలకను బియ్యం డబ్బాలో దాచుకుంది. రోజూ ఆ పలక తీసి పక్కన పెట్టి, బియ్యం కొలుచుకుని, మళ్ళీ పెట్టేది. నేనెప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. ఆ తర్వాత నాకు జ్వరం వస్తే ఇంట్లో చెప్పడం మానేశాను. ఒళ్ళు కాలిపోతున్నా బడికి వెళ్ళేదాన్ని. ఏమ్మా, ఎలా ఉన్నావని ఎవరడిగినా బాగున్నానే అనేదాన్ని. అమ్మకి ఇంకో దిగులు ఇవ్వకూడదనే పట్టుదల పదేళ్ళ పిల్లకి ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. మా అమ్మ కూడా చుట్టాలతో ‘పెద్దదాని గురించి దిగుల్లేదు’ అనే చెప్పేది. మీ ఉత్తరం చదివి నాకెందుకు నిద్రపట్టలేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

పాప బైపీసీ ఎందుకు తీసుకుంది? తమ్ముడి కోసం డాక్టర్ అవుతానంటోందని మూడో పేజీలో గర్వంగా రాశారు. అది తన ఇష్టమో, తీర్చుకోవాల్సిన అప్పు అనుకుంటోందో ఒకసారి నెమ్మదిగా అడగండి. నీట్ రాకపోయినా మాకు నువ్వు చాలు అని ఒక్కసారి అనండి. పిల్ల సరిగా తినకపోయినా, నిద్రపోకపోయినా, నేనెందుకు మిగిలానన్న మాట దొర్లినా మంచి సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. ఏ వేళప్పుడైనా 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మీకోసం కూడా చేయొచ్చు.

ట్రస్టు ఆలోచన మీకెందుకొచ్చిందో నాకు తెలియక కాదు. మన చాలా ఇళ్ళల్లో పసిపిల్లలకు తద్దినం పెట్టరు. పెద్దవాళ్ళు పోతే పదో రోజు, నెల మాసికం, సంవత్సరీకం అంటూ ఏడవడానికీ తలుచుకోవడానికీ ఒక రోజు ఉంటుంది, నలుగురూ వస్తారు. తొమ్మిదేళ్ళ పిల్లాడు పోతే మూడు రోజుల్లో అందరూ లేచి వెళ్ళిపోయి మర్చిపొమ్మంటారు. తల్లి ఆ పేరుని ఎక్కడ పెట్టుకోవాలి? ఒక బోర్డు మీదైనా ఉంటే బాగుండుననిపిస్తుంది. అది తప్పు కోరిక కాదు. కానీ తొందరేముంది? హైదరాబాద్‌లో బసవతారకం గారి పేరు మీద క్యాన్సర్ ఆస్పత్రి ఉంది కదా. ఆవిడ క్యాన్సర్‌తో పోయింది 1980ల మధ్యలో. ఆస్పత్రి తలుపులు తెరుచుకున్నది 2000లో, ఆవిడ భర్త ఎన్.టి. రామారావు గారు కూడా పోయిన నాలుగేళ్ళకి. అంత పలుకుబడి ఉన్న ఇంటికే దాదాపు పదిహేనేళ్ళు పట్టింది.

ట్రస్టు రిజిస్టర్ చేయడం కష్టమేమీ కాదు. ఆ తర్వాత ఏటా లెక్కలు, ఆడిట్, పన్ను మినహాయింపు కాగితాలు ఉంటాయి. మీ ఎకరం డబ్బు ఎన్నాళ్ళొస్తుంది? పైగా మీరు చేయాలనుకునేది ఇప్పటికే చేస్తున్నవాళ్ళున్నారు. సెయింట్ జూడ్ ఇండియా వాళ్ళు 2006 నుంచి క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు వైద్యం జరిగినన్నాళ్ళు ఉచితంగా ఉండటానికి చోటిస్తున్నారు, హైదరాబాద్‌లో కూడా. ఊళ్ళనుంచి వచ్చి ఆస్పత్రి మెట్ల మీద పడుకునే కుటుంబానికి ఓ గది, స్టవ్ పెట్టుకునే చోటు ఎంత పెద్ద విషయమో మీకు నేను చెప్పాలా? క్యాన్సర్ పిల్లల కోసం పనిచేసే క్యాన్‌కిడ్స్ సంస్థని మొదలుపెట్టినావిడ స్వయంగా క్యాన్సర్ నుంచి బయటపడ్డ మనిషి. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. లాంటి సర్కారు క్యాన్సర్ ఆస్పత్రిలో పిల్లల వార్డు ఎప్పుడూ నిండే ఉంటుంది. వాళ్ళకి మీ పొలం కంటే మీరు ఎక్కువ పనికొస్తారు.

ఎందుకంటే మీ దగ్గరున్నది ఏ దాతకీ లేదు. కీమోలో ఉన్న పిల్లాడికి జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దాం అనకూడదని, రాత్రి రెండైనా పరుగెత్తాలని మీకు తెలుసు. ఆరోగ్యశ్రీ కాగితాలు పట్టుకుని ఏ కౌంటర్ దగ్గర నిలబడాలో తెలుసు. అన్నిటికంటే ముఖ్యం, మెయింటెనెన్స్‌లో, అంటే ఇంట్లోనే మాత్రలతో సాగే చివరి దశలో, పిల్లాడు ఆరోగ్యంగా కనిపించగానే మాత్రలు ఆపేసి నాటుమందుకి పోయే తల్లిదండ్రుల్ని ఆపగలరు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం బ్లడ్ క్యాన్సర్ ధనిక దేశాల్లో పదిమందిలో ఎనిమిది మందికి పైగా నయమవుతోంది. మన దగ్గర అన్ని ప్రాణాలు దక్కకపోవడానికి ఒక పెద్ద కారణం వైద్యం మధ్యలో ఆపేయడమే. డబ్బయిపోయి కొందరు, పొలం పనులొచ్చి కొందరు, బాగైపోయిందనుకుని కొందరు మానేస్తారు. వాళ్ళకి ఫోన్ చేసి, ‘అమ్మా, ఈ వారం మాత్రలు వేశావా’ అని అడిగే మనిషి కావాలి. దానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుతో పనిలేదు.

మీవారికి మాట్లాడటం రాదని వదిలేశాం కదా, రక్తం ఇవ్వడానికి మాటలక్కర్లేదు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు, అందుకే ఆ వార్డుల బయట తండ్రులు దాతల కోసం ఫోన్లు పట్టుకుని తిరుగుతుంటారు. ఆయనా అలా తిరిగినవారే. ఆరోగ్యం బాగుంటే వెళ్ళి ఇవ్వమనండి. వెళ్తారనే నా నమ్మకం.

మీరు మాత్రం ఇప్పుడే వార్డుకి వెళ్ళకండి. కొత్తగా చేరిన తల్లి మిమ్మల్ని మొట్టమొదట అడిగేది ఒక్కటే, ‘మీ బాబు ఇప్పుడెలా ఉన్నాడు?’ దానికి అబద్ధం చెప్పకుండా, ఆవిడ ధైర్యం పోగొట్టకుండా, మీరు కూలిపోకుండా జవాబివ్వగలగాలి. ఆ మాటను ముందు ఇంట్లో పలకడం అలవాటు చేసుకోవాలి. ఇంట్లో ఆ మాట వినాల్సిన మనిషి తెనాలిలో ఉంది.

రేపెప్పుడో మీరు సేవ మొదలుపెట్టినా పాపని స్టేజి ఎక్కించి తమ్ముడికి ప్రాణం పోయబోయిన అక్క అని పరిచయం చేయకండి. తనంతట తాను వస్తానంటే రానివ్వండి. రానంటే ఎందుకని అడగకండి.

ఈ శనివారం తెనాలి వెళ్ళండి. మీవారిని కూడా తీసుకెళ్ళండి. ట్రస్టు మాట ఎత్తొద్దు, మార్కుల మాట ఎత్తొద్దు. రాత్రి పిల్ల పక్కన పడుకోండి. తుంటి దగ్గర సూదులు గుచ్చిన చోట ఇంకా నొప్పి ఉంటోందా అని అడగండి. ఇన్నాళ్ళూ ఎవరూ అడిగి ఉండరు. వెళ్ళేటప్పుడు ఏదైనా వండి తీసుకెళ్ళండి. బాబుకి ఏమిష్టమో రాశారు గానీ పాపకి ఏమిష్టమో రాయలేదు. మీ అమ్మగారికి ఫోన్ చేసి అడగకుండా మీకే గుర్తొస్తుందేమో చూడండి.