రేడియేషన్ తర్వాత మూత్రంలో రక్తం.. యాంటీబయాటిక్‌తో సరిపెట్టొద్దు

ప్రశ్న: నా వయసు 56. ఆరేళ్ల క్రితం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నాను. క్యాన్సర్ పూర్తిగా తగ్గిందన్నారు. ఏడాదిగా గంటకోసారి మూత్రానికి వెళ్లాల్సి వస్తోంది, ఆపుకోలేకపోతున్నాను, మంట కూడా ఉంది. రెండుసార్లు మూత్రం ఎర్రగా వచ్చి దానంతటదే తగ్గింది. ఇన్ఫెక్షనేమో అని మందుల షాపులో అడిగి మూడు కోర్సుల యాంటీబయాటిక్స్ వాడాను, పెద్దగా తేడా లేదు. ఇప్పుడు నీళ్లు తగ్గించి తాగుతున్నాను. టీ, కాఫీ మానేస్తే సరిపోతుందా?

జవాబు: టీ, కాఫీ సంగతి తర్వాత చూద్దాం. రెండుసార్లు ఎర్రగా వచ్చిందని మీరు మాటవరసకు రాశారు. నాకు టెన్షన్ అదే. తగ్గిపోయింది కదా అని వదిలేయకండి, ఈ వారంలోనే యూరాలజిస్టుకు చూపించండి.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది రేడియేషన్ వల్ల మూత్రాశయం దెబ్బతినడం కావచ్చు. దీన్ని రేడియేషన్ సిస్టైటిస్ అంటాం. చికిత్స అయిపోయి ఆరేళ్లయింది, ఇప్పుడెందుకు వస్తుందని చాలామంది నమ్మరు. కొన్ని నెలలకే కాదు, పదేళ్లు దాటాక కూడా ఇది బయటపడొచ్చు. మూత్రాశయం గోడలోని సన్నటి రక్తనాళాలు మెల్లగా మూసుకుపోయి, రక్త సరఫరా తగ్గి, గోడ గట్టిపడుతుంది. అప్పుడు అది మునుపటిలా సాగదు, కాసిని మూత్రం చేరగానే వెళ్లాలనిపిస్తుంది. కొత్తగా పుట్టే రక్తనాళాలు పెళుసుగా ఉండి తేలిగ్గా చిట్లుతాయి. ఎరుపు రావడానికి అదొక కారణం.

అదొక్కటే కారణమని మాత్రం చూడకుండా చెప్పలేను. రాళ్లు, ఇన్ఫెక్షన్, పాత క్యాన్సర్ తిరగబెట్టడం, అరుదుగా మూత్రాశయంలో కొత్త క్యాన్సర్ కూడా ఇలాగే మొదలవుతాయి. అందుకే యూరిన్ కల్చర్ (మూత్రంలో ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్ష), హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), స్కానింగ్, సిస్టోస్కోపీ (కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో మూత్రాశయం లోపల చూడటం) అవసరమవుతాయి. స్కానింగ్‌లో కిడ్నీలు ఉబ్బాయేమో కూడా చూస్తారు. రేడియేషన్ వల్ల కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే నాళం సన్నబడినా కొందరికి నొప్పే ఉండదు. సిస్టోస్కోపీ చేసే డాక్టరుకు రేడియేషన్ సంగతి తప్పక చెప్పండి. రేడియేషన్ తగిలిన చోట పరీక్ష కోసం ముక్క తీస్తే పుండు మానకపోవచ్చు, రంధ్రం పడే ప్రమాదమూ ఉంది. కాబట్టి ఆలోచించి తీస్తారు.

ఇక యాంటీబయాటిక్స్. మూడు కోర్సులు వాడారు, ఒక్కసారైనా కల్చర్ చేయించారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. రేడియేషన్ తగిలిన మూత్రాశయంలో ఇన్ఫెక్షన్ లేకపోయినా మూత్ర పరీక్షలో పస్ సెల్స్ (చీము కణాలు) కనిపిస్తాయి, మంట కూడా ఉంటుంది. ఆ రిపోర్టు చూసి మళ్లీ మాత్రలు మొదలుపెడితే నష్టం మీకే. రేపు నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మందు పనిచేయదు, పైగా అసలు రోగం కనిపెట్టడం ఆలస్యమవుతుంది. మీకు ఇప్పటికే ఏడాది అలా పోయింది. రక్తం ఆగడానికి ఇచ్చే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలూ సొంతంగా వేసుకోవద్దు. రక్తపు గడ్డలు కరగకుండా నిలిచి మూత్రం దారికి అడ్డుపడొచ్చు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే చెప్పండి, అంతేగానీ మీ అంతట మీరు ఆపేయకండి. ఒంటినొప్పులకు తరచూ పెయిన్‌కిల్లర్లు మింగే అలవాటుంటే అదీ దాచొద్దు.

చికిత్స ఉంది, కాకపోతే ఓపిక కావాలి. అర్జెన్సీ, అంటే ఆపుకోలేనంత తొందర తగ్గించే మాత్రలున్నాయి. గ్లకోమా (కంట్లో పీడనం పెరిగే జబ్బు), బీపీ, మలబద్ధకం ఉన్నాయో లేదో చూసి ఏది సరిపోతుందో నిర్ణయిస్తారు. హయలురోనిక్ యాసిడ్ లాంటి మందులను సన్నటి గొట్టంతో నేరుగా మూత్రాశయంలోకి ఎక్కించడం ఇంకో దారి. కొందరికి ఉపశమనం ఇస్తుంది. రక్తం పదేపదే వస్తుంటే చిట్లిన చోట కరెంటుతో కాల్చి ఆపుతారు. హైపర్‌బారిక్ ఆక్సిజన్ అని మరొకటి ఉంది. పీడనం పెంచిన గదిలో ఆక్సిజన్ పీల్చాలి, మామూలుగా 30 నుంచి 40 సిట్టింగులు పడతాయి. నార్డిక్ దేశాల్లో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో దీనివల్ల లక్షణాలు తగ్గాయి. అయితే అన్నిచోట్లా దొరకదు, ఊపిరితిత్తులు, చెవులు పరీక్షించాకే ఇస్తారు. మూత్రాశయం తీసేయడం అన్నీ విఫలమైనప్పటి మాట, ఇప్పుడే దాని గురించి భయపడకండి.

నీళ్లు తగ్గించడం మాత్రం పొరపాటు. మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది. గుండె, కిడ్నీ సమస్యలు లేకపోతే రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు తాగండి, సాయంత్రం దాటాక కాస్త తగ్గించుకోవచ్చు. టీ, కాఫీ రెండు వారాలు మానేసి చూడండి, తేడా ఉంటే కొనసాగించండి. వాటితో రక్తం మాత్రం ఆగదు.

గడ్డలు పడినా, మూత్రం బిగపట్టి అసలు రాకపోయినా, కళ్లు తిరుగుతున్నా, చలిజ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. యూరాలజిస్టు దగ్గరకు పాత డిశ్చార్జి సమ్మరీ తీసుకెళ్లండి. రేడియేషన్ డోసు ఎంత, లోపలి నుంచి కూడా ఇచ్చారా అన్న వివరాలు అందులో ఉంటాయి. వాడిన యాంటీబయాటిక్స్ పేర్లు గుర్తులేకపోతే ఖాళీ స్ట్రిప్పులైనా సరే, పట్టుకెళ్లండి.