గాజు దూలం విరగకముందే ఒరుగుతుంది

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. భీమవరం షోరూము డ్రాయింగులు అందాయి. రెండు పూటలు కూర్చుని చూశాను. ముందు అద్దాల గోడ, దాని వెనక మీటరున్నరకు ఒకటి చొప్పున నిలువు గాజు ఫిన్లు, అంటే గోడ మీది గాలిని మోసే నిలువు గాజు దూలాలు. ఒక్కొక్కటి 4 మీటర్ల పొడవు, 400 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల టఫెన్డ్ (కాల్చి గట్టిపరిచిన) పలకలు రెండు పివిబి అనే ప్లాస్టిక్ పొరతో అతికించినవి. లెక్క శుభ్రంగా రాశావు. కానీ నువ్వు లెక్క ఆపిన చోటే నాకు భయం మొదలైందమ్మా. గాజు పగులుతుందా అని మాత్రమే చూశావు. పక్కకు ఒరుగుతుందా అని చూడలేదు.

నీ బల్ల మీది ప్లాస్టిక్ స్కేలును అంచు మీద నిలబెట్టి, ముప్పావు భాగం బల్ల బయటికి జరిపి, కొసను వేలితో కిందికి నొక్కు. కాసేపు బిగుసుకుని ఉంటుంది, కిందికి వంగదు. ఉన్నట్టుండి పక్కకు వాలి మెలితిరుగుతుంది. వెడల్పు ఎక్కువ, మందం తక్కువ ఉన్న ఏ దూలానికైనా ఇదే జబ్బు. దీని లెక్కను 1899లోనే జర్మనీ ఇంజనీరు ప్రాంట్‌ల్, ఆస్ట్రేలియా ఇంజనీరు మిచెల్ ఎవరికి వారుగా తేల్చారు. ఉక్కు అయితే కాస్త లొంగి, వంకర చూపించి హెచ్చరిస్తుంది. గాజుకు ఆ గుణం లేదు.

టఫెన్డ్ వేశాను కదా అంటావేమో. టఫెన్డ్ చేస్తే బలం పెరుగుతుంది, బిగువు (వంగనీయని గుణం) పెరగదు. ఆ బిగువును కొలిచే స్థితిస్థాపక గుణకం ఏ గాజుకైనా 70 గిగాపాస్కల్సే, ఉక్కులో మూడో వంతు. ఒరిగిపోవడాన్ని ఆపేది బిగువే. పైగా కొలిమిలో కాల్చి చల్లార్చేటప్పుడు పలక కొద్దిగా వంగి వస్తుంది. ఆ పుట్టు వంకరే ఒరగడానికి దారి చూపిస్తుంది.

ఇప్పుడు అంకెలు చూడు. మన తీరానికి భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం చెప్పే మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. మిగతా గుణకాలన్నీ పక్కన పెట్టినా చదరపు మీటరుకు 1500 న్యూటన్ల ఒత్తిడి. నీ ఫిన్ మీద నడిమధ్య మొమెంటు, అంటే దాన్ని వంచే ప్రభావం, 4.5 కిలోన్యూటన్ మీటర్లు. గాజులో ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 8 న్యూటన్ల పైచిలుకు, టఫెన్డ్ గాజుకు అదొక లెక్కే కాదు. అది చూసే నువ్వు నిశ్చింతగా సంతకం పెట్టావు. రెండు పలకలూ ఒకే దిమ్మలా పనిచేస్తే ఒరగడానికి కావాల్సిన మొమెంటు 18.7 కిలోన్యూటన్ మీటర్లు. బాగానే ఉంది. మధ్య పొర మెత్తబడి పలకలు ఒకదానిపై ఒకటి జారితే? బిగువు నాలుగో వంతుకు పడిపోతుంది. మిగిలేది 4.7. గాలి తెచ్చేది 4.5!

పివిబి సంగతి మనకు ఆత్రేయపురం పూతరేకు చెబుతుంది. చలికాలంలో నెయ్యి పేరుకుని రేకులన్నీ ఒక్కటిగా ఉంటాయి, ఎండల్లో అవే రేకులు జారతాయి. గది వేడి దాటిందంటే పివిబి కూడా మెత్తబడుతుంది. నవంబరు తుఫాను చల్లగా వస్తుంది కాబట్టి ఆ పూట పొర గట్టిగానే ఉంటుంది. గాలి విసురు కొద్ది సెకన్లదే కావడమూ కొంత మేలు. నాకు మే నెల సాయంత్రం గాలివాన అంటేనే ఎక్కువ భయం. రోజంతా పడమటి ఎండకు కాగిన గాజు మీదికి ఉన్నట్టుండి వచ్చి పడుతుంది. రెంటికీ విడివిడిగా లెక్క కట్టు.

ఒకసారి ఒక దుకాణంలో ఉండగా సరిగ్గా అలాంటి గాలివానే వచ్చింది. ఫిన్ మీద ట్యూబులైటు ప్రతిబింబం నిలువు గీతలా పడుతోంది. ఒక్కో విసురుకు ఆ గీత నడుము దగ్గర విల్లులా వంగి, మళ్లీ తిన్నగా అయ్యేది. గాజు పగల్లేదు. కానీ ఆ గీత ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. పక్కకు ఒరిగేది నలిగే అంచే. గాలి లోపలికి నెట్టినప్పుడు నలిగేది గోడ వైపు అంచు, దాన్ని గోడకు అతికించిన సిలికాన్ జిగురు పట్టుకుని ఉంచుతుంది. బయటికి లాగినప్పుడు నలిగేది గది వైపు అంచు, దానికి ఆసరా లేదు. తుఫాను కన్ను దాటాక గాలి ఎదురు తిరుగుతుందని మన ఊళ్లలో అందరికీ తెలుసు. కాబట్టి ఏ ముఖమూ లాగుడు నుంచి తప్పించుకోదు.

నా మాట వింటే, 12 మిల్లీమీటర్ల పలకలు మూడు వేయి. పొర పూర్తిగా జారి, ఒక పలక పగిలిపోయినా, మిగిలిన రెంటికి ఒరిగే మొమెంటు 8 పైన వస్తుంది. ఆస్ట్రేలియా కోడ్ ఏఎస్ 1288 ఫిన్లు ఇలా ఒరగకుండా (దీన్నే బక్లింగ్ అంటారు) అడిగే 1.7 రెట్ల భద్రత అప్పుడూ దక్కుతుంది. పివిబి బదులు అయనోప్లాస్ట్ అనే గట్టి ప్లాస్టిక్ పొర వేయిస్తే ఇంకా మంచిది, వేడికి అంత త్వరగా మెత్తబడదు. ఖర్చు పెరుగుతుందని యజమాని అంటే ఈ 4.5, 4.7 అంకెలు ఆయన ముందు పెట్టు.

పైనా కిందా పట్టే బ్రాకెట్లు ఫిన్‌ను మెలిపడనివ్వకూడదు. ఇప్పుడు గీసిన ఒంటి బోల్టు చాలదు. ఉప్పుగాలి ఉంది, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలే రాయి. నల్లరేగడి నేల తడికి ఉబ్బి ఎండకు కుంగుతుంది కాబట్టి పై బ్రాకెట్‌లో నిలువుగా కదిలే సందు వదులు, లేకపోతే పైనున్న భవనం దూలం కుంగిన బరువంతా గాజు మీదే కూర్చుంటుంది.

టఫెన్డ్ చేసిన పలకను మళ్లీ కోయలేం, తొలచలేం. అందుకే ఆర్డరు పెట్టకముందే కొత్త లెక్క పంపించు. నేను ఇక్కడ నా చేత్తో మళ్లీ వేసి చూస్తాను.

మీ మామయ్య