పద్నాలుగు పుస్తకాల ఫాంటసీ: సరుకెంత, సాగదీతెంత?

మీరడిగింది: "'వీల్ ఆఫ్ టైమ్' మొదలుపెడదామనుకుంటున్నా, పద్నాలుగు పుస్తకాలంటే భయమేస్తోంది. ఇంత పొడవు సిరీస్‌లలో నిజంగా సరుకుంటుందా, ఊరికే సాగదీతేనా?"

రెండూ ఉంటాయి. పద్నాలుగూ చదివినవాణ్ని కాబట్టి చెప్తున్నా. మాది ధర్మవరం. ఇప్పుడు సత్యసాయి జిల్లా అయింది గానీ నోటికి అనంతపురం జిల్లా అనే వస్తుంది. ఉద్యోగం అనంతపురంలో. రోజూ బస్సులో పోను గంట, రాను గంట. మొదటి రెండు పుస్తకాలు హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాతవి కొన్నా, మిగతావి ఫోన్లో చదివా. మొత్తం రెండేళ్ల మూడు నెలలు పట్టింది. సుమారు 44 లక్షల పదాలు మరి.

ముందు సరుకు సంగతి. ఆరో పుస్తకం చివర ఒక పెట్టె వస్తుంది. అందులో ఏముందో చెప్పను. ఆ అధ్యాయం చదువుతూ నేను దిగాల్సిన చోట దిగకుండా బస్టాండు దాకా పోయా, ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లి మాటలు కూడా పడ్డా. అదే సన్నివేశం మూడు వందల పేజీల నవల్లో ఉంటే "బాగా రాశాడు" అనుకుని పేజీ తిప్పేసేవాణ్నేమో. మొదటి పుస్తకంలో గొర్రెలు కాసుకునే పిల్లవాడిగా ఉన్నప్పటి నుంచీ ఈ కథానాయకుడు నాకు తెలుసు. ఎక్కడ మొండికేస్తాడో, ఎవరిముందు తడబడతాడో తెలుసు. ఎనిమిది నెలలు నాతోపాటు బస్సెక్కినవాడికి కష్టమొస్తే, అది మనవాడికి వచ్చినట్టే ఉంటుంది. ఈ పని చిన్న పుస్తకం వల్ల కాదు.

ఇక సాగదీత. మొదట ఆరు పుస్తకాలే అనుకున్నారట. తొమ్మిదో పుస్తకం చివర ఒక మహత్తర కార్యం జరుగుతుంది. 2003లో వచ్చిన పదో పుస్తకంలో చాలా భాగం, ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు దూరం నుంచి దాన్ని పసిగట్టి ముక్కున వేలేసుకోవడంతోనే సరిపోతుంది. కథ గడప దాటదు. మధ్యలో ఆడవాళ్ల దుస్తుల మీద కుట్టుపని వర్ణనలు. మా ఇంట్లో మగ్గం ఉంది, నేను చీరల ఊరివాణ్ని. అంచు గురించి అరపేజీ చదివే ఓపిక నాకే లేకపోయింది! చివరికి రెండు వందల పేజీలు వదిలేసి పదకొండోది తెరిచా. కథ ఎక్కడా తెగలేదు. మీరూ అలా చేస్తే పాపమేమీ లేదు.

నైనీవ్ అనే పాత్ర కోపమొచ్చినప్పుడల్లా జడ పట్టుకుని లాగుతుంది. మూడో పుస్తకానికల్లా నాకు నవ్వొచ్చింది, ఏడో పుస్తకానికి విసుగొచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఒకటి తట్టింది. ఈ పుస్తకాలు 1990 నుంచి 2013 దాకా వచ్చాయి. ఒకటి చదివి ఏళ్ల తరబడి ఆగినవాడికి ఆ జడ ఒక గుర్తు, "ఓ, ఈమెనా" అనుకోవడానికి. వరసగా మింగేస్తున్న నాకది వెగటు.

చిన్నప్పుడు మా అవ్వ ఊళ్లో తోలుబొమ్మలాట చూశా. నిమ్మలకుంటవాళ్లు ఆడారు. రాత్రి అన్నాల తర్వాత మొదలైతే తెల్లారేదాకా. మా అవ్వ దుప్పటి పరిచి, పక్కన కూర్చున్నామెతో "హనుమంతుడు లంకకు నిప్పు పెట్టేటప్పుడు లేపు వదినా" అని చెప్పి హాయిగా నిద్రపోయింది. మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి అరగంట కొట్లాడుకున్నారు. రామాయణానికీ వాళ్లకీ సంబంధమే లేదు. ఒక్కరూ సాగదీత అనలేదు. నిద్రపోయినా నష్టం లేదు కదా, కథ అందరికీ తెలుసు, లేపడానికి పక్కన మనిషీ ఉంది. ఈ ఫాంటసీలతో అసలు కష్టం అక్కడే అని నా అభిప్రాయం. రెండు వేలకు పైగా పేర్లున్న పాత్రలు, వాటిని మోసే తల మాత్రం మీ ఒక్కరిదే. నేనైతే ఒక నోటుబుక్కు పెట్టుకున్నా. ఎనిమిదో పుస్తకం నాటికి అది కిరాణా ఖాతాలాగా తయారైంది.

మా బావ మాత్రం 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' మనిషి, అదే, 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీ సిరీస్‌కు మూలమైన నవలలు. ఆయన బాధ వేరు. 1996లో మొదలైన ఆ కథ అయిదో పుస్తకం దగ్గర, 2011లో, ఆగిపోయి ఉంది. పైగా కథ పెరిగిపోయిందని రచయిత పాత్రల్ని రెండుగా పంచాడు, సగంమంది 2005 పుస్తకంలో, మిగతా సగం 2011లో. మా బావకు ఇష్టమైన టిరియన్ రెండో సగంలో పడ్డాడు. ఉగ్గాని, బజ్జీ తింటూ ఆ మాట ఎత్తితే చాలు, అప్పు ఎగ్గొట్టినోణ్ని తిట్టినట్టు తిడతాడు.

ఒకసారి నేనన్నా, "బావా, మన భారతం మాత్రం? నన్నయ అరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయె. తిక్కన వచ్చి విరాటపర్వం నుంచి అందుకునె. ఆ మధ్య ముక్క ఎర్రన పూర్తి చేసేసరికి మూడు వందల ఏండ్లు పట్టలేదా?"

బావ బజ్జీ కింద పెట్టి, "నన్నయ లేకపాయె. ఈయన ఉండాడు కదప్పా!" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

'వీల్ ఆఫ్ టైమ్'కు నిజంగానే ఒక ఎర్రన దొరికాడు. రచయిత రాబర్ట్ జోర్డాన్ 2007లో చనిపోయారు. ఆయన రాసి పెట్టుకున్న నోట్సు తీసుకుని బ్రాండన్ శాండర్సన్ ముగించాడు. చివరిదని అనుకున్న ఒక్క పుస్తకం ఆయన చేతిలో మూడయింది. పన్నెండో పుస్తకంలో మాట్ అనే పాత్ర నోరు తెరిస్తే ఎవరో మిమిక్రీ చేస్తున్నట్టుంటుంది, తర్వాత సర్దుకుంటుంది. ఎర్రనదీ అంతే అంటారు కదా, నన్నయలా మొదలుపెట్టి పోనుపోను తిక్కన పోకడలోకి జారాడని. కానీ నడక మాత్రం పుంజుకుంటుంది. ఆఖరి మూడూ నేను రెండు నెలల్లో అవగొట్టా.

అందుకని మొదలుపెట్టండి, అయితే పద్నాలుగూ ఒకేసారి కొనొద్దు. మూడు చదవండి. మొదట్లో మాట్ అంటే చిరాకేస్తుంది, మూడో పుస్తకంలో కోలుకుని మనిషవుతాడు. అప్పటికీ అతని మీద ఇష్టం కలగకపోతే ఆపేయండి, మిగతా పదకొండూ మీకు కావు. కలిగితే ఆరో పుస్తకం చివరి అధ్యాయాలు సెలవురోజుకు దాచుకోండి, బస్సులో వద్దు. పదోది చేతిలోకి వచ్చాక ఇక్కడే ఒక మాట రాయండి, ఏ అధ్యాయాలు నిద్రపోతూ దాటొచ్చో, ఎక్కడ లేవాలో చెప్తా.