ఫీనిక్స్ ఇళ్ల ముందు పరిచే కంకర బొబ్బిలిలో పనికొస్తుందా?

అమెరికాలో అరిజోనా ఎడారి నగరమైన ఫీనిక్స్‌లో ఉంటున్న మీ అన్నయ్యగారు పంపిన ఫోటోలలో ఇంటి ముందు గడ్డి అన్నది లేకుండా రంగుల కంకర, మధ్య మధ్య జెముడు మొక్కలు ఉన్నాయని రాశారు. బొబ్బిలిలో మీరు కట్టుకుంటున్న ఇంటి ముందరి మూడు సెంట్లనూ అలాగే చేయిస్తే వేసవిలో నీళ్ల బెడద తప్పుతుందా అని అడిగారు. కంకర వద్దనే నా సలహా. అయితే అక్కడివాళ్లు మొక్కలకు నీరు పెట్టే పద్ధతిని మాత్రం తప్పకుండా నేర్చుకోమంటాను. రెండూ విజయనగరంలోని మా ఇంట్లో చేసి చూసినవే కనుక ఈ మాట చెప్పగలుగుతున్నాను.

ఫీనిక్స్ పక్కనే ఉన్న చాండ్లర్‌లో మా అమ్మాయి ఇంట్లో మూడు విడతలుగా, ఒక్కో విడత అయిదారు నెలల చొప్పున ఉన్నాము. ఉద్యోగ విరమణ చేసి ఊరకే కూర్చున్నవాణ్ణి కావడంతో పెరటి పని నా పాలబడింది. అక్కడ ఏడాది పొడుగునా కురిసే వాన 200 మిల్లీమీటర్లకు లోపే. 2023 వేసవిలోనైతే వరుసగా 31 రోజుల పాటు పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. నేల కూడా మొండిదే. నిమ్మ మొక్కకు గొయ్యి తీస్తుండగా అడుగున్నర లోతున గునపం ఖంగుమని, సున్నపు పెచ్చుల్లాంటి తెల్లని ముక్కలు లేచాయి. ఆ పొరను అక్కడ కలీచీ అంటారు. గోతిని నీటితో నింపి వదిలేస్తే మర్నాడు పొద్దుటికి కూడా సగం నీరు అలాగే నిలిచి ఉంది. ఆ పొరను పగలగొట్టి నీరు దిగే దారి చేయకుండా నాటితే, ఎడారిలో ఉండి కూడా మొక్క నీరు ఎక్కువై వేరు కుళ్లి చచ్చిపోతుంది.

అటువంటి చోట కంకరకు అర్థం ఉంది, ఎందుకంటే పచ్చికను బతికించాలంటే నీళ్లు కుమ్మరించాలి. అంత నీరు పోసి వాళ్లు పెంచే బెర్ముడా గడ్డి మరేదో కాదు, మనం వినాయకుడికి పెట్టే గరికే. నీడకు నాటే మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. పాలోవెర్డే అనే చెట్టు కాండం పచ్చగా ఉంటుంది. ఎండ ముదిరితే ఆకులు రాల్చేసి బెరడుతోనే ఆహారం తయారుచేసుకుంటుంది.

నేను అక్కడ నేర్చుకున్న అసలు సంగతి నీరు పెట్టడం. మనం సాయంత్రం పైపు పట్టుకుని ప్రతి మొక్క మొదట్లో రెండు నిమిషాలు తడిపి, పని అయిపోయిందనుకుంటాము. ఆ తడి నాలుగంగుళాలు కూడా దిగదు, వేళ్లు పైపైనే తిరుగుతాయి, రెండు రోజులు నీరు ఆగితే మొక్క వాడిపోతుంది. అక్కడ పూల మొక్కలకు అడుగు, పొదలకు రెండడుగులు, చెట్లకు మూడడుగుల లోతు తడవాలన్నది లెక్క. అందుకు డ్రిప్పును గంటల తరబడి వదిలి, మళ్లీ పైమట్టి ఆరేదాకా ఆగుతారు. ఎంత లోతు తడిసిందో తెలుసుకోవడానికి అల్లుడు నాకొక సన్నని ఇనుప చువ్వ ఇచ్చాడు. తడి ఉన్నంత మేరా చువ్వ సులువుగా దిగి, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. దాన్ని సామానులో పెట్టుకుని ఇక్కడికి తెచ్చుకున్నాను, ఇప్పటికీ వాడుతున్నాను.

చువ్వతో సరిపెట్టుకోవలసింది, కంకర మోజూ వెంట తెచ్చుకున్నాను. వాకిట్లో నల్ల ప్లాస్టిక్ పట్టా పరిపించి, దాని మీద రెండు ట్రాక్టర్ల కంకర పోయించి, నర్సరీ నుంచి జెముడు మొక్కలు తెప్పించి నాటించాను. ముగ్గు వేసుకునే చోటు లేకుండా చేశారని మా ఆవిడ మొదటి రోజునే అంది. ఆ మాట అప్పుడు చెవికెక్కలేదు. మే నెలలో రాత్రి తొమ్మిదైనా రాయి వేడి తగ్గక, ముందు గది కిటికీ తెరవలేకపోయాము. జూన్‌లో మొదటి పెద్ద వానకు నీరు పట్టా మీద నుంచి జారి, కంకరను సగం వీధి కాలువలోకి తోసుకుపోయింది. ఆగస్టు నాటికి తుంగ పట్టాను సూదిలా పొడుచుకుని పైకి వచ్చింది. జెముడు మొక్కలు మొదట్లో మెత్తబడి, చేత్తో తాకితే ఒరిగిపోయాయి. ఎప్పుడో వచ్చే కొద్దిపాటి వానను గబగబా తాగేందుకు వాటి వేళ్లు నేల పైపొరలోనే పరుచుకుంటాయి. మన దగ్గర ఆ పైపొరే వారాల తరబడి ముద్దగా ఉంటుంది.

మన జిల్లాలో ఏడాది వాన సగటున 1,000 మిల్లీమీటర్లకు తక్కువ కాదు. జూన్ నుంచి అక్టోబరు తుపాన్ల దాకా కుండపోతలు, జనవరి నుంచి మే దాకా వాన బాగా తక్కువ. అందుచేత మీ వాకిలి ఆ వానాకాలపు నీటిని మింగి, ఈ అయిదు నెలలు ఓర్చుకునేలా ఉండాలి. నందివర్ధనం, దేవగన్నేరు, కాగితపు పూలు, కరివేపాకు, మునగ ఇందుకు చాలు. గన్నేరు తక్కువ నీటితో బతుకుతుంది గాని, ఆకు నుంచి పువ్వు దాకా అంతా విషమే. పిల్లలో పశువులో తిరిగే చోట నాటకండి. తొలకరి పడగానే నాటితే, జనవరికి వేళ్లు లోతు పట్టుకుంటాయి. పాదును ఏటేటా కొమ్మల చివరి దాకా వెడల్పు చేస్తూ పోవాలి, ఎందుకంటే నీటిని పీల్చే పిల్లవేళ్లు కాండం దగ్గర కాదు, అక్కడే ఉంటాయి. వేసవిలో పాదు నిండా కొబ్బరి పీచో వేరుశనగ తొక్కలో కప్పండి. కాండానికి జానెడు దూరం వదలకపోతే చెదలు పడతాయి. వానాకాలంలో పాదు గట్టును ఒకవైపు తెగ్గొట్టాలి. లేత మొక్క పక్కన చిల్లు లేని మట్టికుండను మెడ దాకా పాతి, నీరు నింపి మూతపెడితే, మూడు నాలుగు రోజులు చెమ్మ నెమ్మదిగా ఊరుతుంది. మొదటి రెండు వేసవులు గట్టెక్కడానికి అంతకంటే చవకైన మార్గం నాకు తెలియదు.

మీరు రాసిన దాన్ని బట్టి కంకర ఇప్పటికే తోలించుకున్నట్టున్నారు. అది వృథా కాదు. 100 చదరపు మీటర్ల డాబా మీద 1,000 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్ల నీరు అవుతుంది. దాన్ని వీధిలోకి వదలకుండా, పునాదికీ సెప్టిక్ ట్యాంకుకీ దూరంగా ఇంకుడు గుంత తవ్వించి, అడుగున పెద్ద రాళ్లు, వాటిపైన మీ కంకర, ఆపైన ఇసుక వేయించండి. మేస్త్రి ఇంకా పనిలో ఉండగానే డాబా గొట్టాలను అటువైపు దింపమని చెప్పండి, తరువాత మార్చాలంటే గోడ పగలగొట్టాల్సి వస్తుంది.