ముందు డబ్బు సంగతి, తర్వాతే కూర సంగతి

చిరంజీవి కోడలికి ఆశీస్సులు.

అనంతపురంలో యూనివర్సిటీ హాస్టల్ వార్డెన్‌గా చేరావని, మెస్సుకు చుట్టుపక్కల ప్రకృతి సేద్యం రైతుల దగ్గరే సరుకు కొనాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమైందో! ఆ పని చేసినవాణ్ణి కాబట్టి రాస్తున్నా.

మొదట డబ్బు దారి చూసుకో. ఆఫీసు నుంచి చెక్కు రావడానికి రెండు నెలలైనా కాంట్రాక్టర్ ఓర్చుకుంటాడు. రెండెకరాల రైతు ఓర్చుకోలేడమ్మా, వారం తిరిగేసరికి కూలీలకు ఇవ్వాలి. నా హయాంలో ఒకాయన మూడు నెలలు బిల్లు కోసం తిరిగి తిరిగి, చివరికి మా గేటు వైపే రావడం మానేశాడు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే మెస్సు అడ్వాన్సులోంచి ప్రతి శనివారం చెల్లించేలా ముందే పైవాళ్లతో రాతపూర్వకంగా అనుమతి తీసుకో. ధర కూడా సీజన్ మొత్తానికి ఒకటే మాట్లాడుకో. 2023 జులైలో మదనపల్లెలో టమాట కిలో వంద దాటింది. అదే టమాటను రేటు లేక పత్తికొండ రైతులు రోడ్డున పారబోసిన రోజులూ చూశాం.

బియ్యం జోలికి ఇప్పుడే పోవద్దు, ఆకుకూరతో మొదలుపెట్టు. మూడు వందల మందికి తలకు 50 గ్రాములనుకున్నా పూటకు 15 కిలోలు. ముగ్గురు నలుగురు రైతులు వంతులేసుకుని తేవాలి. మన ఎండలకు చుక్కకూర తెల్లారకముందే కోసి, తడి గోనెపట్టాలో చుట్టి ఏడింటికల్లా వంటింట్లో దించాలి. పురుగుమందు కొట్టని ఆకు కదా, చిల్లులున్నాయని వంటమాస్టర్ విసుక్కుంటాడు. అతన్ని ఒకసారి పొలానికి తీసుకుపో. పేడ, గోమూత్రం, బెల్లం, పిండి కలిపి జీవామృతమనే ద్రవ ఎరువు కలియబెట్టే డ్రమ్ము దగ్గర నిలబడి చూశాక మా మాస్టర్ ఆ మాట మళ్లీ అనలేదు.

కొర్రలకు తొందరపడకు. నేను ఆత్రంకొద్దీ మొదటి వారంలోనే కొర్రన్నం పెట్టించా. నానబెట్టకుండా, బియ్యం లెక్కనే ఎసరు పోశారు. పలుకు పలుకుగా ఉంటే పిల్లలు పళ్లేల్లోనే వదిలేశారు. ముందు పదిమందికి వండించి, నీళ్ల కొలత తేల్చుకో. రాగిసంగటి, ఊరుబిండి అయితే భయం లేదు, మన పిల్లలు ఇంట్లో తినేదే.

ప్రకృతి సేద్యపు పంటేనా అని సర్టిఫికెట్ అడుగుతారు. కనీసం ఐదుగురు రైతులు జట్టుకట్టి, ఒకరి పొలం ఒకరు చూసుకుని తెచ్చుకునే పీజీఎస్ (పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్) సర్టిఫికెట్ ఉంది. రసాయన సేద్యం నుంచి మారే దశలో ఉన్నవాళ్లకు అందులోనే పీజీఎస్ గ్రీన్ ఇస్తారు. వాళ్లను వదులుకోకు, నీ ఆసరా ఎక్కువ కావలసింది వాళ్లకే.

శ్రావణంలో అటు వస్తా. ఆలోగా ఆ అనుమతి కాగితం చేతికి తెచ్చుకో.

మీ మామ