పాఠకుల ప్రశ్నలు – జవాబులు: బండరాళ్ల మీద జిమ్నాస్టిక్స్

ప్రశ్న: పారిస్ ఒలింపిక్స్‌లో నాలుగున్నర మీటర్ల గోడను తాడు లేకుండా ఎక్కే బౌల్డరింగ్ పోటీలు టీవీలో చూశాను. కొండలెక్కేవాళ్లు సాధన కోసం చేసుకునే చిన్న ఆటకు ఇంత గుర్తింపు ఎలా వచ్చింది? దీని మూలాలు జిమ్నాస్టిక్స్‌లో ఉన్నాయని వ్యాఖ్యాత అన్నారు. అది ఎంతవరకు నిజం?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: వ్యాఖ్యాత మాట చాలావరకు నిజం. ఆ అనుబంధం చాలా పాతది. జర్మనీలో ఫ్రీడ్రిక్ లుడ్విగ్ యాన్ 1811లో బెర్లిన్ శివార్లలోని హాజెన్‌హైడెలో ఆరుబయట వ్యాయామస్థలం తెరిచినప్పుడు, అక్కడ బార్లతో పాటు ఎక్కడానికి తాళ్లు, గడలు, నిచ్చెనలు కూడా ఉండేవి. ఆ ఒరవడిలో పుట్టిన వ్యాయామ సంఘాలలో ఒకదాని సభ్యులు 1864లో ఎల్బే నది ఒడ్డునున్న బాడ్ షాండౌ పట్టణం నుంచి వెళ్లి ఫాల్కెన్‌స్టైన్ అనే ఇసుకరాతి శిఖరాన్ని ఎక్కారు. సాక్సనీలో రాతి ఆరోహణ ఒక క్రీడగా మొదలైంది అప్పుడేనని చెబుతారు. వాళ్లు ఎక్కిన మార్గాన్ని ఇప్పటికీ జిమ్నాస్టుల పేరుతోనే పిలుస్తున్నారు.

అయితే శిఖరాన్ని పక్కనపెట్టి, నేలమీది గుండును దాని కోసమే ఎక్కడం ఇంకొక మెట్టు. బ్రిటన్‌లో ఆ పనికి మొదట గట్టిగా పూనుకున్నవారిలో ఆస్కర్ ఎకెన్‌స్టైన్ ఒకరు. వృత్తిరీత్యా రైల్వే ఇంజనీరు అయిన ఆయన ఒంటిచేత్తో వేలాడుతూ శరీరాన్ని పైకి లాగగల బలశాలి కావడంతో పాటు, రాయిమీద శరీరపు తూకం ఎలా నిలుస్తుందో ఓపికగా పరిశీలించిన మనిషి. వేల్స్‌లోని లాన్‌బెరిస్ కనుమలో ఆయన సాధన చేసిన బండకు ఆయన పేరే మిగిలింది. ఫ్రాన్స్‌లో పారిస్‌కు దక్షిణాన ఉన్న ఫాంటెన్‌బ్లో అడవిలోని ఇసుకరాళ్ల మీద కూడా అదే కాలంలో ఆల్ప్స్ వెళ్లే యువకులు సెలవు రోజుల్లో చేరేవారు. 1930లలో పియెర్ అలాన్ అక్కడి రాళ్లను గట్టిగా అంటుకునే నున్నటి రబ్బరు అడుగున్న బూట్లు తయారుచేశారు. 1947 నుంచి గుండ్ల మీద రంగు గుర్తులు వేసి, ఒక బండ నుంచి మరొక బండకు వెళ్లేలా వరుసలు ఏర్పరచారు. అయినా వారిలో చాలామందికి ఇది ఆల్ప్స్‌కు సన్నాహమే.

ఈ సన్నాహాన్ని తనకు తానే పూర్తి అయిన విద్యగా నిలబెట్టిన వ్యక్తి జాన్ గిల్. 1937లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జన్మించిన గిల్, 1954లో జార్జియా టెక్‌లో చదువుకుంటూ జిమ్నాస్టిక్స్ తరగతిలో చేరారు. తాడు ఎక్కడం, రింగ్స్ (వేలాడే వలయాల మీద విన్యాసాలు) ఆయనకు ఇష్టమైన అంశాలు. అప్పటికే రాళ్లెక్కడం అలవాటున్న ఆయన, వ్యాయామశాలలో చూసిన మూడు విషయాలను బయటి బండల మీదికి తీసుకువెళ్లారు.

మొదటిది చాక్. జిమ్నాస్టులు అరచేతుల చెమట పీల్చుకోవడానికి పూసుకునే మెగ్నీషియం కార్బొనేట్ పొడిని 1950ల మధ్యలో ఆయన రాతి ఆరోహణకు వాడడం ప్రారంభించారు. ఇవాళ ఏ బౌల్డరింగ్ గోడ దగ్గర చూసినా కనిపించే తెల్లపొడి చరిత్ర ఇదే. రెండవది ఊపు. రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ రాయిని అంటిపెట్టుకునే ఉండాలన్నది పర్వతారోహకులు తరతరాలుగా పాటించిన నియమం. వేల అడుగుల ఎత్తున అది ప్రాణాలు కాపాడే నియమం కూడా. కానీ రింగ్స్ మీద, హైబార్ మీద శరీరపు వేగాన్ని లెక్కగట్టి వాడుకోవడమే విద్య. నేల దగ్గరగా ఉన్నప్పుడు రాయిమీద మాత్రం ఆ వేగాన్ని ఎందుకు వాడకూడదన్నది గిల్ ప్రశ్న. చేతికందని పట్టును ఎగిరి, పైకి లేచిన శరీరం కిందికి జారే ముందు ఒక్క క్షణం నిలిచినప్పుడు అందుకోవడాన్ని ఆయన పొరపాటుగా కాక పద్ధతిగా సాధన చేశారు. మీరు టీవీలో చూసిన దూకుళ్లకు పునాది అక్కడుంది.

మూడవదాన్ని నేను అన్నింటికన్నా విలువైనదిగా భావిస్తాను. జిమ్నాస్టిక్స్‌లో ఒక అంశం ముప్పై సెకన్లే సాగినా అది చిన్నదని ఎవరూ అనరు. ఎంత కష్టమైనది, ఎంత తీరుగా చేశారు అన్నవే చూస్తారు. గిల్ ఆ కొలమానాన్ని పది అడుగుల రాయికి వర్తింపజేశారు. 1969లో అమెరికన్ ఆల్పైన్ జర్నల్‌లో ప్రచురించిన వ్యాసంలో బౌల్డరింగ్ స్వతంత్ర విద్య అనీ, పైకి చేరడంతో పాటు చేరిన తీరు కూడా లెక్కలోకి రావాలనీ వాదించారు. బి1, బి2, బి3 అన్న తన శ్రేణులను కూడా అక్కడే వివరించారు. తాడుతో ఎక్కే మార్గాలలో నాటికి అత్యంత కఠినమైన కదలికలు బి1. వాటిని మించినవి బి2. చాలామంది ప్రయత్నించినా ఒక్కరే ఎక్కగలిగినది బి3. రెండవ వ్యక్తి ఎక్కిన మరుక్షణం బి3 తన స్థాయి నుంచి దిగిపోతుంది. గిల్ గణితశాస్త్ర ఆచార్యులు కూడా. ఇతరులు చేసిన దానిని బట్టి మారే ఇలాంటి నిర్వచనాన్ని గణితజ్ఞుడు కాక ఇంకెవరు ఊహించగలరు!

ఆయన పేరు చెప్పగానే చాలామంది గుర్తుచేసుకునేది 1961లో దక్షిణ డకోటాలోని నీడిల్స్ ప్రాంతంలో ఎక్కిన థింబుల్ అనే ముప్పై అడుగుల రాతిస్తంభాన్ని. దాని కిందనే వాహనాలు నిలిపే స్థలం, దాని అంచున రక్షణ కంచె ఉండేవి. పైనుంచి జారితే ఆ కంచె మీదే పడాలి. అప్పుడు వైమానిక దళంలో వాతావరణ అధికారిగా ఉన్న గిల్, వ్యాయామశాల గోడలోంచి పొడుచుకువచ్చిన నట్లు, బోల్టులను వేళ్లతో నొక్కి పట్టుకుంటూ ఆ రాతిమీది చిన్న చిన్న గడ్డలకు చేతులను సిద్ధం చేసుకున్నారు. తాడు లేకుండా పైకి చేరారు. తరువాత చాలా ఏళ్లు దానిని మరెవరూ ఎక్కలేదు. ఆ సాహసాన్ని నేను తక్కువ చేయను గానీ, ఈ క్రీడను మలచింది ఆ ఎక్కుడుకన్నా 1969 వ్యాసమేనని నా అభిప్రాయం.

తరువాతి కథ త్వరగా సాగిపోతుంది. 1991లో జాన్ షెర్మన్ టెక్సాస్‌లోని హ్యూకో ట్యాంక్స్ అనే బౌల్డరింగ్ ప్రాంతపు మార్గదర్శినిలో, బండ ఎంత కష్టమైనదో అంకెల్లో చెప్పే ‘వి’ శ్రేణులను ప్రవేశపెట్టారు. ఆ దశాబ్దంలోనే పడినప్పుడు దెబ్బ తగలకుండా కింద పరిచే, మడిచి వీపున మోసుకెళ్లగల క్రాష్ ప్యాడ్లు మార్కెట్లోకి వచ్చాయి. 1999లో ప్రపంచ కప్ మొదలైంది. టోక్యోలో ఒలింపిక్ ప్రవేశం లభించింది.

ప్రశ్న: తాడు ఎక్కడం ఒకప్పుడు ఒలింపిక్ అంశమని మా గురువుగారు చెప్పేవారు. నిజమేనా?
– విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయులు, విజయవాడ

జవాబు: మీ గురువుగారు చెప్పినది అక్షరాలా నిజం. 1896 ఏథెన్స్ క్రీడల్లోనే అది జిమ్నాస్టిక్స్‌లో భాగం. 14 మీటర్ల తాడు చివరిదాకా ఎక్కగలిగినవారు ఇద్దరే, ఇద్దరూ గ్రీసు దేశస్థులే. 1904, 1924, 1932 ఒలింపిక్స్‌లో కూడా ఈ అంశం ఉంది. 1904లో సెయింట్ లూయిస్‌లో 25 అడుగుల తాడు ఎక్కి స్వర్ణం గెలిచిన జార్జ్ ఐసర్‌కు ఒక కాలు కొయ్యకాలు. ఆయన ఆ ఒక్కరోజే ఆరు పతకాలు సాధించారు, వాటిలో మూడు స్వర్ణాలు.

అమెరికా కళాశాలల్లో ఈ పోటీ ఆ తరువాత కూడా కొన్ని దశాబ్దాలు సాగింది. అభ్యర్థి కాళ్లు చాపి నేలమీద కూర్చుని, కాళ్ల సాయం ఏమాత్రం తీసుకోకుండా చేతులతోనే 20 అడుగులు ఎగబాకాలి. పైన మసి పూసిన పళ్లెం లాంటిది వేలాడుతుంది. కిందికి వచ్చాక వేళ్లకు మసి అంటి ఉంటేనే తాకినట్లు లెక్క. 1954లో డాన్ పెర్రీ ఆ ఎత్తును 2.8 సెకన్లలో ముగించారు. జాన్ గిల్ చేతులు తయారైంది ఇదే సాధనలో. 1960లలో ఈ అంశం పోటీల నుంచి తొలగిపోయింది. మన పాఠశాలల్లోనైనా ఒక చెట్టుకొమ్మకు మంచి తాడు కట్టించాలని వ్యాయామ ఉపాధ్యాయులను నేను మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. అయిదేళ్లుగా జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది. ఇప్పుడు స్నేహితులతో కలిసి నగరం చుట్టుపక్కల గుండ్ల మీద బౌల్డరింగ్ చేస్తానంటోంది. జిమ్నాస్టిక్స్ అనుభవం సరిపోతుందా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ఆ అనుభవం గొప్ప పెట్టుబడి. నడుము, పొట్ట కండరాలను బిగించి శరీరమంతటినీ ఒక్కటిగా నిలపడం, గాలిలో తానెక్కడుందో తెలిసి ఉండడం, జంకు లేకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నించడం ఆమెకు ఇప్పటికే వచ్చి ఉంటాయి. 1993లో అమెరికాలోని యోసెమిటీలో ఉన్న ఎల్ కాపిటన్ శిఖరపు ‘నోస్’ మార్గాన్ని మొట్టమొదట ఫ్రీగా, అంటే తాడును రక్షణకే తప్ప పైకి లాగుకోవడానికి వాడకుండా, ఎక్కిన లిన్ హిల్ కూడా చిన్ననాట జిమ్నాస్టే.

కానీ మూడు జాగ్రత్తలు తప్పనిసరి. హైబార్‌ను అరచేయంతటితో పట్టుకుంటారు. రాయిమీద ఒక్కోసారి వేళ్ల కొనలే మొత్తం బరువు మోయాలి. కండరం నెలల్లో బలపడుతుంది గానీ వేళ్లలోని స్నాయువులకు ఏళ్లు పడుతుంది. బలమైన పిల్లలకే ఈ తేడా వల్ల గాయాలు ఎక్కువ. పైగా ఎదిగే వయసులో వేలి ఎముకల కొనల్లోని ఎదుగుదల భాగం మెత్తగా ఉంటుంది. వోల్ఫ్‌గాంగ్ గ్యులిక్ 1988లో న్యూరెంబర్గ్‌లోని ఒక జిమ్‌లో మొదలుపెట్టిన క్యాంపస్ బోర్డు, అంటే కాళ్లు గాలిలో ఉంచి చెక్కపట్టీల మీద వేళ్లతో ఎగబాకే సాధనం, ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆమెకు వద్దే వద్దు. వేలి కణుపు దగ్గర నొప్పి వస్తే సాధన ఆపించి ఎముకల వైద్యునికి చూపించండి.

రెండవది చర్మం. మన గ్రానైట్ గరుకైనది. బార్ల మీద కాసిన కాయలు దళసరిగా ఉంటే రాతి అంచుకు తగిలి చీలిపోతాయి కనుక వాటిని ఎప్పటికప్పుడు అరగదీసుకోవాలి.

మూడవది కిందికి దిగడం. జిమ్నాస్టిక్స్‌లో దూకిన చోటే కదలకుండా నిటారుగా నిలబడితే మార్కులు. అయిదేళ్లుగా ఒంటబట్టిన ఆ అలవాటు ఎగుడుదిగుడు నేలమీద పరిచిన ప్యాడ్‌పై మడమలకు, మోకాళ్లకు ప్రమాదం. రెండు పాదాలూ ఒకేసారి తాకించి, మోకాళ్లు వంచి, చేతులు వెనక్కి ఆనించకుండా రొమ్మున ముడుచుకుని వీపుమీదికి దొర్లడం నేర్పించండి. మొదట ఇండోర్ గోడ దగ్గర, శిక్షకుల సమక్షంలో ఈ ఒక్కటే కొన్నాళ్లు సాధన చేయించి, ఆ తరువాతే గుండ్ల దగ్గరికి పంపండి. అక్కడ కూడా కింద నిలబడి ఆమె నడుమును, భుజాలను ప్యాడ్ మీదికి మళ్లించగల అనుభవజ్ఞులు ఒకరైనా ఉండాలి.