సమాధానం: బేరియం జింక్ టాంటలేట్ క్యూబికా, ట్రైగొనలా?

పర్లాకిమిడి తమ్ముడూ, 1300 డిగ్రీల్లో 4 గంటలు కాల్చిన బేరియం జింక్ టాంటలేట్ పింగాణీ బిళ్ళకి ఎక్స్‌రే డిఫ్రాక్షన్ గ్రాఫ్ అంతా క్యూబిక్‌గానే (ఘనాకార స్ఫటికంగానే) వచ్చిందనీ, పేపర్లలో మాత్రం ట్రైగొనల్ (ఒక మూల దిశలో కాస్త సాగిన స్ఫటికం) అని ఉందనీ, ఏది నిజమనీ అడిగావు. నీ స్కాన్ 20° కోణం దగ్గర మొదలైంది చూడు, చిక్కు అక్కడే ఉంది. జింక్, టాంటలం అణువుల పొరలు 1:2 వరసలో సర్దుకుంటేనే అది ట్రైగొనల్; ఆ వరస కుదిరిందని చెప్పే పీక్ కాపర్ రేడియేషన్‌కి (రాగి గొట్టం ఇచ్చే ఎక్స్‌రేకి) 17.7° దగ్గర వస్తుంది. చాలా చిన్న పీక్ అది. 15° నుంచి 20° దాకా విడిగా, ఒక్కో అడుగుకీ పది సెకన్లు ఆగేలా మళ్ళీ తీయించు. ముందు బిళ్ళ పైపొర గీకెయ్, అక్కడ జింక్ తగ్గి ఉంటుంది.

115° దగ్గరి పీక్ రెండుగా చీలిందేమో కూడా చూడు, చీలితే అదీ ట్రైగొనల్ గుర్తే. కానీ కె-ఆల్ఫా 2 (అదే రాగి గొట్టం నుంచి కాస్త తేడా తరంగదైర్ఘ్యంతో వచ్చే రెండో ఎక్స్‌రే) వల్ల కూడా అక్కడ అర డిగ్రీ ఎడంగా జంట కనిపిస్తుంది. బరంపురంలో నా ప్రాజెక్టప్పుడు దాన్నే చీలిక అనుకుని వారం పోగొట్టుకున్నాను.

17.7° దగ్గర ఏమీ లేకపోతే వరస ఇంకా కుదరలేదన్నమాట. 1983లో కవాషిమా బృందం 1350 డిగ్రీల్లో 120 గంటలు ఉంచి వరసనీ, క్యూ విలువనీ (మైక్రోవేవ్‌లో శక్తి నష్టం ఎంత తక్కువో చెప్పే అంకె) పెంచింది. అంతసేపు ఉంచితే జింక్ ఆవిరవుతుంది, బిళ్ళని అదే పొడిలో కప్పిపెట్టు.

రీట్‌వెల్డ్ ఫిట్టింగ్ (స్ఫటిక నమూనాతో లెక్కగట్టిన గ్రాఫ్‌ని కొలిచినదానికి సరిపెట్టడం) ఆ తర్వాతే. ట్రైగొనల్ గడి కొలతలు ఎ 5.78, సి 7.09 ఆంగ్‌స్ట్రామ్‌లతో మొదలుపెట్టు. కొత్త గ్రాఫ్ ఇక్కడ పెట్టు, చూస్తాను.